వీల్‌చైర్‌తో యూరప్: ఏ ఊళ్లు పెట్టుకోవాలి, ఏవి వదిలేయాలి?

లక్ష్మి_బెజవాడ | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. సెప్టెంబర్‌లో నేనూ మావారూ ఓ రెండు వారాలు యూరప్ వెళ్దామనుకుంటున్నాం. నాకు వెన్నుపూసకు దెబ్బ తగిలి నడుము కింద స్పర్శ లేదు, నిలబడలేను, ఒక్క మెట్టు కూడా ఎక్కలేను. మాన్యువల్ కుర్చీ. చదునుగా ఉన్నచోట నేనే తోసుకుంటాను, ఎత్తుగా ఉంటే ఆయన ఓ చెయ్యి వేస్తారు. కారు సీట్లోకి నా అంతట నేనే మారగలను.

ఒక టూర్ కంపెనీని అడిగితే "పర్లేదు మేడమ్, బస్సు దగ్గర మావాళ్లు ఎత్తేస్తారు" అన్నారు. ఇంకొకళ్లు విషయం విన్నాక ఫోన్ ఎత్తడమే మానేశారు. కాబట్టి సొంతంగా ప్లాన్ చేసుకోవాల్సిందే. మనసులో ఉన్నవి పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, వెనిస్, రోమ్. నెట్‌లో ఏ హోటల్ చూసినా, ఏ మ్యూజియం చూసినా వీల్‌చైర్ బొమ్మ వేసి ఉంటుంది, ఆ బొమ్మను ఎంతవరకు నమ్మాలో అర్థం కావట్లేదు. స్వయంగా కుర్చీలో తిరిగినవాళ్లు, లేదా ఇంట్లోవాళ్లను తిప్పినవాళ్లు చెప్పండి. "ధైర్యంగా వెళ్లండి, అంతా మంచే జరుగుతుంది" తరహా జవాబులు మాత్రం వద్దు, అవి చుట్టాల దగ్గర కావలసినన్ని దొరుకుతున్నాయి.


ఓరుగల్లు_టు_బెర్లిన్ | ఆదివారం రాత్రి 11:47

లక్ష్మి గారూ, మాది హన్మకొండ, చాలా ఏళ్లుగా బెర్లిన్‌లో ఉంటున్నాను, పోలియో వల్ల కుర్చీలోనే తిరుగుతాను. మీ లిస్టు గురించి కాస్త కటువుగా చెప్తాను, ఏమీ అనుకోకండి. మీరు కట్టడాలను చూసి ఊళ్లు ఎంచుకున్నారు. మనం ఎంచుకోవాల్సింది ఊళ్లో బస్సూ మెట్రో ఎలా ఉన్నాయో చూసి. పేరున్న మ్యూజియం ఏదైనా ఈ రోజుల్లో ఏదో ఒక తలుపు నుంచి లోపలికి తీసుకెళ్తుంది. హోటల్ నుంచి అక్కడికి, అక్కడి నుంచి భోజనానికి, మధ్యలో టాయిలెట్‌కి, రాత్రికి మళ్లీ గదికి... రోజంతా కరిగిపోయేది వీటి దగ్గరే.

అలా చూస్తే నా మొదటి ఓటు వియన్నాకి. మెట్రో స్టేషన్లన్నిటికీ మెట్లు లేని దారి ఉంది. ట్రామ్ స్టాపులో బోర్డు మీద నిమిషాల పక్కన వీల్‌చైర్ గుర్తు కనిపిస్తే వచ్చేది నేలకు దగ్గరగా ఉండే ట్రామ్ అని లెక్క, ముందు తలుపు దగ్గర నిలబడితే డ్రైవరే ర్యాంపు వేస్తాడు. షోన్‌బ్రున్ ప్యాలెస్‌కి యూ4 లైన్, స్టెఫాన్ చర్చికి యూ1. ఊరి నడిబొడ్డు చాలావరకు చదును. వికలాంగులు తేలిగ్గా తిరగగలిగే ఊళ్లకు యూరోపియన్ కమిషన్ ఇచ్చే యాక్సెస్ సిటీ అవార్డు 2025కి వియన్నాకే వచ్చింది. అవార్డు సంగతి అలా ఉంచండి, అక్కడ తిరిగేటప్పుడు "ఈ స్టేషన్‌లో లిఫ్ట్ ఉందా లేదా" అన్న ఆలోచనే రాదు, నాకు అదే గొప్పగా అనిపించింది.

రెండోది మా బెర్లిన్. ఇదే అవార్డు మాకు 2013లో వచ్చింది. అన్ని స్టేషన్లకీ లిఫ్ట్ లేదు, ఎక్కువ వాటికి ఉంది. రైలు రాకముందే ప్లాట్‌ఫామ్ ముందు చివర, డ్రైవర్ ఆగేచోట నిలబడాలి, ఆయన దిగి మడత ర్యాంపు వేస్తాడు. ఎక్కడ దిగుతారో ముందే చెప్పేయండి. సమస్యల్లా లిఫ్ట్ చెడిపోవడం. పాడైన లిఫ్ట్‌ల జాబితా చూపించడానికి బ్రోకెన్‌లిఫ్ట్స్ అని ఓ సైటే ఉంది, బయల్దేరే ముందు వాతావరణం చూసుకున్నట్టు నేను అది చూసుకుంటాను. పార్లమెంటు భవనం మీది గాజు గోపురం తప్పక చూడండి. ముందే పేర్లు నమోదు చేసుకుంటే ఉచితం, లిఫ్ట్‌లో పైకి తీసుకెళ్తారు, లోపల చుట్టూ తిరుగుతూ పైకి పోయే దారంతా ర్యాంపే. మామూలుగా మనకి వెనక తలుపూ సామాన్ల లిఫ్టూ చూపిస్తారు కదా, అక్కడ మాత్రం అందరూ మన దారిలో నడుస్తారు!

వెనిస్ వదిలేయండి. నాలుగు వందల పైచిలుకు వంతెనలు, దాదాపు అన్నిటికీ మెట్లే.


సీన్_నది_ఒడ్డున | సోమవారం మధ్యాహ్నం 1:20

పారిస్ గురించి ఎవరూ మాట్లాడకముందే నేను అందుకుంటున్నాను, ఎందుకంటే ఇక్కడ అందరూ "పారిస్ మెట్రో చెత్త" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మెట్రో విషయంలో అది నిజమే. 1900లో మొదలైన మెట్రో, సందుల్లాంటి సొరంగాలు, మెట్ల మీద మెట్లు. మొదటి నుంచి చివరి దాకా కుర్చీతో వెళ్లగలిగేది 1998లో వచ్చిన 14వ లైన్ ఒక్కటే. కానీ ఆ ఒక్క లైన్ ఎక్కడెక్కడికి పోతుందో చూడండి: 2024లో దాన్ని ఓర్లీ విమానాశ్రయం దాకా పొడిగించారు, అక్కడ ఎక్కితే గార్ ద లియోన్, షాట్లే, పిరమిడ్స్ స్టేషన్ల మీదుగా పోతుంది. పిరమిడ్స్‌లో దిగితే లూవ్ర్ మ్యూజియం దగ్గరే. అంటే ఆ లైన్ పక్కన హోటల్ తీసుకుంటే సగం టెన్షన్ పోయినట్టే.

మిగతాదంతా బస్సులే. ఊళ్లో బస్సులన్నిటికీ ర్యాంపు ఉంటుంది, మధ్య తలుపు పక్కన నీలం బటన్ నొక్కితే బయటికి జారి వస్తుంది. 69వ నంబరు బస్సు ఈఫిల్ టవర్ వైపు నుంచి లూవ్ర్ మీదుగా బాస్టీ దాకా పోతుంది, అది దాదాపు టూరిస్ట్ బస్సు లాంటిదే. భూమి పైన వెళ్తారు కాబట్టి ఊరంతా కనిపిస్తుంది, మెట్రోలో తిరిగేవాళ్లకి ఆ భాగ్యం లేదు :)

ఈఫిల్ టవర్‌లో కుర్చీతో రెండో అంతస్తు దాకానే వెళ్లనిస్తారు, శిఖరానికి వెళ్లనివ్వరు, ప్రమాదం జరిగితే దించడం కష్టమని. బాధపడకండి, రెండో అంతస్తు నుంచి భవనాలు గుర్తుపట్టేంత బాగా కనిపిస్తాయి. లూవ్ర్‌లో వికలాంగులకూ తోడు వచ్చిన ఒకరికీ టికెట్ లేదు, పెద్ద క్యూలో నిలబడక్కర్లేదు. వీధుల్లో ఆటోమేటిక్ టాయిలెట్లు ఉచితం, కుర్చీ పట్టేంత వెడల్పుగా ఉంటాయి. అయితే ఒకరు వాడాక తలుపు మూసుకుని లోపల నీళ్లతో కడుగుతుంది, ఆ కడగడం అయ్యేదాకా ఆగి తర్వాత వెళ్లండి, తొందరపడితే స్నానం కూడా అయిపోతుంది.

రెస్టారెంట్లు మాత్రం కష్టం. గుమ్మం దగ్గర ఒక మెట్టు, టాయిలెట్ ఏమో నేలమాళిగలో మెలికల మెట్ల కింద. పాత బిల్డింగులన్నీ అంతే.


విశ్వం_రాజోలు | సోమవారం సాయంత్రం 6:05

అమ్మా, ఇంత ఖర్చుపెట్టి వెళ్తూ బస్సులూ మెట్రోలూ ఎందుకు? ట్యాక్సీలో తిరగండి హాయిగా. ఒక మెట్టు రెండు మెట్లు ఉన్నచోట ఇద్దరు ముగ్గురు పట్టుకుని కుర్చీతో సహా ఎత్తితే అయిపోతుంది కదా. మా నాన్నగారిని మేం అలాగే అన్ని గుళ్లూ తిప్పాం. మనుషులు ఎక్కడైనా సాయం చేస్తారు.


లక్ష్మి_బెజవాడ | సోమవారం రాత్రి 8:33

విశ్వం గారూ, మీరు మంచి మనసుతోనే అన్నారు, కానీ నాకు అది కుదరదండీ. ఎత్తేవాళ్లు కుర్చీని ఎక్కడ పట్టుకోవాలో తెలియక చేతులు పెట్టుకునే భాగాన్ని పట్టుకుంటారు, అది ఊడి చేతికొస్తుంది. ఒకసారి ఓ పెళ్లిలో స్టేజి మీదికి అలా ఎత్తారు, వద్దంటున్నా వినలేదు. కాలు గీరుకుపోయింది, స్పర్శ లేదు కదా, ఇంటికొచ్చాక రక్తం చూస్తే గానీ తెలియలేదు, మానడానికి నెలలు పట్టింది. ఊరు కాని ఊళ్లో అలాంటి పుండు పడితే ట్రిప్ అక్కడితో ఆఖరు. అదొక్కటే కాదు, నేను ఊరు చూడ్డానికి వెళ్తున్నాను, ఊరంతా నన్ను చూడ్డానికి కాదు.

సీన్ గారూ, ఓరుగల్లు గారూ, ఇదే నాకు కావలసిన సమాచారం. హోటల్ సంగతి కూడా చెప్పండి. బాత్రూమ్‌లో టబ్ ఉంటే నాకు స్నానమే ఉండదు.


ఓరుగల్లు_టు_బెర్లిన్ | సోమవారం రాత్రి 10:58

హోటల్‌కి "మీది వీల్‌చైర్‌కి అనుకూలమేనా" అని రాయకండి, అందరూ అవుననే అంటారు. ముందుగా మీ కుర్చీ కొలవండి, కుర్చీ ఫ్రేమ్ కాదు, చక్రాల పక్కన తోసుకునే రింగుల బయటి అంచు నుంచి అవతలి అంచు దాకా. పాదాలతో కలిపి పొడవు కూడా. తర్వాత హోటల్‌కి మెయిల్ పెట్టి లిఫ్ట్ తలుపు వెడల్పు, లిఫ్ట్ లోపలి పొడవు, బాత్రూమ్ తలుపు వెడల్పు, మంచం ఎత్తు, అన్నీ సెంటీమీటర్లలో అడగండి. షవర్ దగ్గర గట్టు ఉందా, లోపల కూర్చోడానికి కుర్చీ ఉందా, ఫొటో పంపమనండి. కొలిచి పంపే హోటల్‌లో గది తీసుకోండి. "నో ప్రాబ్లమ్, వుయ్ హెల్ప్" అనేవాళ్లను పక్కన పెట్టేయండి. పాత భవనాల్లో పేరుకి లిఫ్ట్ ఉంటుంది, అందులో మనిషీ ఓ సూట్‌కేసూ పడితే గొప్ప. స్టేషన్ల దగ్గర ఈ మధ్య కట్టిన మామూలు చైన్ హోటళ్లు అందంగా ఉండవు గానీ మనకి అవే దిక్కు.

రెస్టారెంట్లకి వీల్‌మ్యాప్ వాడండి. 2010లో ఇక్కడి బెర్లిన్ వాళ్లే మొదలుపెట్టారు, ఎవరైనా సమాచారం చేర్చవచ్చు. ఆకుపచ్చ అంటే పూర్తిగా వెళ్లగలం, నారింజ అంటే కొంతవరకు, ఎరుపు అంటే లేదు. టాయిలెట్ సంగతి విడిగా చూపిస్తుంది.


గౌతమి_మిలాన్ | మంగళవారం ఉదయం 11:15

వెనిస్ వదిలేయమన్న ఓరుగల్లు గారితో నాకు పేచీ ఉంది. మా అత్తయ్యను కుర్చీలో వెనిస్ తిప్పింది నేను, ఇంట్లో అందరూ వద్దన్నా సరే. ఆవిడ కూడా మెట్టు ఎక్కలేరు.

వంతెనలు లెక్కపెడితే భయమేస్తుంది, నిజమే. కానీ అక్కడ తిరిగేది వంతెనల మీద కాదండీ, పడవల మీద. 1, 2 లైన్ల వాపొరెట్టో పడవలు ఉన్నాయి, అవే అక్కడి సిటీ బస్సులు. నీళ్ల మీద తేలే ప్లాట్‌ఫామ్‌తో సమంగా ఆగుతాయి, సిబ్బంది చిన్న పలక వేస్తారు, కుర్చీ నేరుగా లోపలికి పోతుంది. కుర్చీలో ఉన్నవాళ్లకి టికెట్ చాలా తక్కువ, తోడు వచ్చినవాళ్లకి లేదు. బస్సులూ కార్లూ ఆగే పియాత్సాలె రోమా దగ్గర ఎక్కితే గ్రాండ్ కెనాల్ పొడవునా, రియాల్టో వంతెన కింద నుంచి సాన్ మార్కో దాకా కూర్చున్నచోటి నుంచే చూడొచ్చు. ఏ స్టాపులో దిగినా ఆ చుట్టుపక్కల ఒక ముక్క ఊరు వంతెన దాటకుండా తిరగొచ్చు, ఆ ముక్క అయిపోతే మళ్లీ పడవ. ఏ ముక్క ఎంతవరకు తిరగొచ్చో చూపించే మ్యాపు నగరపాలక సంస్థే ఇస్తుంది. అక్టోబర్ మారథాన్ కోసం కొన్ని వంతెనలకి ర్యాంపులు వేసి తర్వాత కొన్ని నెలలు ఉంచుతారు, మీరు సెప్టెంబర్ అంటున్నారు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. ప్రైవేటు వాటర్ ట్యాక్సీల జోలికి వెళ్లకండి, వాటిలో దిగడానికి మెట్లుంటాయి.

ఓరుగల్లు గారికి కోపం రావాల్సింది వేరే వంతెన మీద. 2008లో కాలట్రావా అనే పెద్ద ఆర్కిటెక్ట్ గీసిన కొత్త వంతెన తెరిచారు, ఇరవై ఒకటో శతాబ్దంలో కట్టినదానికి మెట్లు! గొడవయ్యాక 2013లో పక్కన గుడ్డు ఆకారంలో ఓ క్యాబిన్ తగిలించారు. అది మెల్లగా కదిలేది, వేసవిలో లోపల ఉడికిపోయేది, మాటిమాటికీ ఆగిపోయేది. చివరికి 2020లో పీకేశారు. పాతవాళ్లు కట్టినవంటే సరే, ఇదేం బుద్ధి?

రోమ్ మాత్రం నేనూ వద్దంటాను. కొలోసియంలో లిఫ్ట్ ఉంది, వికలాంగులకీ తోడు ఒకరికీ టికెట్ లేదు, పాంథియాన్‌కి ర్యాంపు ఉంది, అన్నీ నిజమే. కానీ వీధులన్నీ నల్లటి రాళ్లు పరిచినవి, రాయికీ రాయికీ మధ్య సందుల్లో కుర్చీ ముందు చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి. మా అత్తయ్య సాయంత్రానికి "నా పళ్లు ఊడిపోతాయే" అన్నారు.


ఓరుగల్లు_టు_బెర్లిన్ | మంగళవారం మధ్యాహ్నం 2:40

గౌతమి గారూ, పడవల సంగతి ఒప్పుకుంటాను. కానీ మీ అత్తయ్యగారిని తోసింది మీరు. సొంతంగా తోసుకునేవాళ్లు ఒక స్టాపు తప్పు దిగితే మళ్లీ పడవ కోసం ఎదురుచూడాలి, నీళ్లు పొంగిన రోజు అదీ లేదు. ఒక రాత్రికి సరే, మూడు రాత్రులకు కాదు. నా మాట నాదే.

రాళ్ల వీధుల గురించి: మాన్యువల్ కుర్చీ పాదాల పలకకి ముందు తగిలించే పెద్ద చక్రం దొరుకుతుంది, అది తగిలిస్తే చిన్న చక్రాలు గాల్లోకి లేస్తాయి, కుర్చీ మూడు చక్రాల బండి అవుతుంది. రాళ్ల మీద, గడ్డి మీద బాగా పోతుంది. మీ కుర్చీ గట్టి ఫ్రేముదైతేనే సరిగా కూర్చుంటుంది, మడతపెట్టేదైతే విడిగా అడాప్టర్ కావాలి. వచ్చే ముందు ఇంటి దగ్గర తొడిగి అలవాటు చేసుకోండి.


నర్సింలు_మెదక్ | మంగళవారం రాత్రి 9:30

మంచి చర్చ. మా తమ్ముడిది పవర్ చైర్, వచ్చే సంవత్సరం వాడిని తీసుకుపోదామని చూస్తున్న. రెండు డౌట్లు. మన సదరం సర్టిఫికెట్ అక్కడ పనికొస్తదా? బ్యాటరీ విమానంలో ఎక్కనిస్తరా?


సీన్_నది_ఒడ్డున | మంగళవారం రాత్రి 10:10

సదరం కాగితం తెలుగులో ఉంటే కౌంటర్‌లో అమ్మాయికి ఏం అర్థమవుతుంది అన్నా. కేంద్రం వికలాంగులకి ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు తీసుకెళ్లండి, దాని మీద ఇంగ్లీషు కూడా ఉంటుంది, వైకల్య శాతం ఉంటుంది, ఫొటో ఉంటుంది. ఇక్కడ మ్యూజియంలకు వచ్చిన మా చుట్టాలకు అది చాలింది. డాక్టర్ దగ్గర ఇంగ్లీషులో ఒక ఉత్తరం కూడా రాయించుకోండి, మందులకీ పనికొస్తుంది. సిటీ బస్ పాసుల్లో రాయితీలు మాత్రం చాలాచోట్ల అక్కడ నివసించేవాళ్లకే. యూరోపియన్ డిసెబిలిటీ కార్డు అని వార్తల్లో వస్తోంది కదా, దాని చట్టం 2024లో అయింది, అమలు 2028 నుంచి, అది కూడా యూరోపియన్ యూనియన్ (ఈయూ) దేశాల్లో ఉండేవాళ్లకి. టూరిస్టులకి కాదు.


రెక్కలు_చక్రాలు | బుధవారం ఉదయం 7:50

విమానాల సంగతి నేను చెప్తాను, ఆ ఫీల్డులో పనిచేశాను, మా అన్నయ్య కుర్చీ ఒకసారి విరిగి వచ్చింది కూడా (ఏ విమానమో చెప్పను, ఏదైనా విరగొట్టగలదు).

నర్సింలు గారూ, లిథియం బ్యాటరీ బయటికి తీయగలిగే రకమైతే, ఒకటైతే 300 వాట్ అవర్స్ లోపు, రెండైతే ఒక్కొక్కటి 160 లోపు ఉండాలి, తీసిన బ్యాటరీ మీతో క్యాబిన్‌లోకి వస్తుంది. జెల్ లాంటి కారని రకాలకి నిబంధనలు వేరు. ఏదైనా సరే కుర్చీ మోడల్, బరువు, కొలతలు, బ్యాటరీ కాగితం టికెట్ కొన్న రోజే ఎయిర్‌లైన్‌కి పంపండి, చెక్-ఇన్ దగ్గర వాదించి లాభం లేదు. ఛార్జర్‌కి ఇబ్బంది లేదు, అక్కడా 230 వోల్టులే, ప్లగ్గు అడాప్టర్ కొనుక్కుంటే చాలు.

లక్ష్మి గారూ, సాయం కావాలని కనీసం 48 గంటల ముందు చెప్పాలి. "వీల్‌చైర్ కావాలి" అంటే చాలదు, అందులో మూడు రకాలు ఉంటాయి: మెట్లెక్కగలిగి దూరం నడవలేనివాళ్లు, మెట్లు ఎక్కలేనివాళ్లు, సీటు దాకా తీసుకెళ్లాల్సినవాళ్లు. మీరు మూడో రకం, దాని కోడ్ డబ్ల్యూసీహెచ్‌సీ, బుకింగ్‌లో అదే పడిందో లేదో చూసుకోండి. సొంత కుర్చీలో విమానం తలుపు దాకా వెళ్తానని చెప్పండి. దిగేటప్పుడు కూడా తలుపు దగ్గరికే తెచ్చివ్వమనండి, లేకపోతే అది లగేజీ బెల్టు మీదికి పోతుంది.

యూరప్‌లో 1107/2006 అని ఒక రెగ్యులేషన్ ఉంది. సాయానికి డబ్బు తీసుకోకూడదు, కుర్చీ లాంటివి రెండు వస్తువుల దాకా ఉచితంగా తేవాలి. మెలిక ఏంటంటే ఈయూ నుంచి బయల్దేరే ఏ విమానానికైనా అది వర్తిస్తుంది, ఇటు నుంచి వెళ్లేటప్పుడు మాత్రం ఈయూ విమాన సంస్థ అయితేనే. గల్ఫ్ మీదుగా గల్ఫ్ సంస్థలో వెళ్తే వెళ్లేటప్పుడు దాని రక్షణ ఉండదు.

కుర్చీ విరిగితే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం దాన్ని సామాను కిందే లెక్కేస్తారు, పరిహారానికి పరిమితి ఉంది, మన రూపాయల్లో దాదాపు రెండు లక్షలే. మీ కుర్చీ అంతకంటే ఖరీదైతే చెక్-ఇన్‌లో దాని విలువ ప్రత్యేకంగా రాసివ్వవచ్చు, కొంత రుసుము అడగవచ్చు. ఇచ్చేముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. కుషన్, పక్క రేకులు, ఊడొచ్చేవన్నీ మీతో సీట్లోకి తీసుకెళ్లండి. దెబ్బ తగిలితే ఎయిర్‌పోర్ట్ దాటకముందే ఫిర్యాదు రాయించి కాగితం తీసుకోండి, చట్టప్రకారం రాతపూర్వకంగా ఇవ్వడానికి 7 రోజులే గడువు.


లక్ష్మి_బెజవాడ | బుధవారం మధ్యాహ్నం 12:22

రెక్కలు గారూ, ఇది ప్రింట్ తీసి పెట్టుకున్నాను. ఆ కోడ్ సంగతి ఒక్క ట్రావెల్ ఏజెంటూ చెప్పలేదు.

ఇంకో విషయం, ఆడవాళ్లు ఎవరైనా జవాబిస్తే బాగుంటుంది. నేను కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వాడతాను. కాబట్టి టాయిలెట్ అంటే నాకు నాలుగైదు గంటలకోసారి శుభ్రమైన, తలుపు మూసుకునే చోటు. ఊళ్లో బయట తిరుగుతుంటే ఎలా?


గౌతమి_మిలాన్ | బుధవారం సాయంత్రం 5:48

అక్కా, మేం అత్తయ్యకి రోజు ప్లానే టాయిలెట్ల చుట్టూ వేసేవాళ్లం. పొద్దున ఒక పెద్ద మ్యూజియం, మధ్యాహ్నం ఏదైనా పెద్ద షాపింగ్ సెంటర్ లేదా పెద్ద రైల్వే స్టేషన్. ఈ మూడు చోట్లా విశాలమైనవి ఉంటాయి. కాఫీ షాపుల్లో బొమ్మ ఉంటుంది గానీ లోపల చీపుళ్లూ బకెట్లూ పెట్టుకుంటారు.

నీళ్ల సంగతి: పక్కన మన జెట్ స్ప్రే ఉండదు. ఇటలీలో కడుక్కోడానికి బిడే అనే పొట్టి బేసిన్ ఉంటుంది గానీ దాని మీదికి మారడం మీకు కష్టం. చిన్న పిండే బాటిల్, తడి టిష్యూలు, చేతులకి శానిటైజర్ ఒక పౌచ్‌లో వేసి కుర్చీ కింద వేలాడదీసుకోండి. కాథెటర్లు మొత్తం ట్రిప్‌కి సరిపడా, ఇంకొన్ని ఎక్కువ, సగం చేతి సంచిలో సగం పెట్టెలో. మీ సైజు అక్కడి మందుల షాపులో వెంటనే దొరకకపోవచ్చు.


ఓరుగల్లు_టు_బెర్లిన్ | బుధవారం రాత్రి 9:05

ఇంకోటి చేర్చాలి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లో చాలా వికలాంగుల టాయిలెట్లు తాళం వేసి ఉంటాయి, వాటన్నిటికీ ఒకటే తాళంచెవి, యూరోకీ అంటారు. డార్మ్‌స్టాట్‌లో ఒక వికలాంగుల సంఘం 1986లో మొదలుపెట్టింది, ఇప్పుడు పన్నెండు వేలకు పైగా చోట్ల పనిచేస్తుంది. వైకల్యం రుజువు చూపితేనే అమ్ముతారు. తాళాలు ఉన్నాయి కాబట్టే అవి శుభ్రంగా ఉంటాయి. లక్ష్మి గారూ, ఆ సంఘానికి ఇంగ్లీషులో మెయిల్ పెట్టి మీ కార్డు జతచేసి అడగండి, నెలన్నర ముందే.

రైళ్ల గురించి కూడా. 2023 జూన్ నుంచి ఈయూ నిబంధన ప్రకారం సాయం కావాలంటే 24 గంటల ముందు చెప్తే చాలు. నెదర్లాండ్స్‌లో ఒక గంట ముందు చెప్పినా వస్తారు. కానీ సాయం వేరు, చోటు వేరు. దూరం వెళ్లే రైల్లో కుర్చీకి ఒకటి రెండు చోట్లే ఉంటాయి, అవి అయిపోతే రైలంతా ఖాళీగా ఉన్నా ఎక్కనివ్వరు. ఆస్ట్రియా వాళ్ల రైల్‌జెట్‌లో లిఫ్ట్ పెట్టెలోనే అమర్చి ఉంటుంది, అది హాయి. మా జర్మన్ రైళ్లలో చాలావాటికి సిబ్బంది ప్లాట్‌ఫామ్ మీద లిఫ్ట్ తోసుకుంటూ రావాలి. రైలు ఆలస్యమై ప్లాట్‌ఫామ్ మారిందంటే చూడాలి అప్పుడు తమాషా. జర్మన్లు సమయపాలన మనుషులని మన దగ్గర ఎవరు ప్రచారం చేశారో గానీ వాళ్లు ఈ రైలెక్కలేదు.


కెనాల్_కాఫీ | గురువారం ఉదయం 10:30

ఆమ్‌స్టర్‌డామ్ మీద ఎవరూ రాయలేదు, క్లుప్తంగా చెప్తాను. మెట్రో పూర్తిగా బాగుంటుంది. ట్రామ్‌లో ఎత్తు పెంచిన స్టాపుల్లోనే ఎక్కగలరు, కాబట్టి స్టాపు కూడా చూసుకోవాలి. రైక్స్ మ్యూజియం బాగుంటుంది. నాజీల కాలంలో డైరీ రాసిన యూదు అమ్మాయి ఆన్ ఫ్రాంక్ ఇంట్లో మాత్రం ఆమె కుటుంబం దాక్కున్న పాత భాగానికి నిటారు మెట్లే దారి, కుర్చీతో కొత్త భవనం వరకే. దానికోసమే వెళ్తుంటే ముందే తెలిసి వెళ్లడం మంచిది. కాలువల మీద వంతెనలు గూనిలా ఉంటాయి, ఎక్కేటప్పుడు మీవారి చెయ్యి కావాలి. సైకిళ్ల దారిలో పొరపాటున కూడా ఆగకండి, తిడతారు, కుర్చీ ఉందని కూడా చూడరు. ఒకరకంగా సమానత్వమే అనుకోండి.


పద్మజ_హ్యూస్టన్ | గురువారం రాత్రి 8:14

ఏథెన్స్ ఎవరికైనా గుర్తుందా? మా అమ్మాయి కుర్చీలోనే ఆక్రోపోలిస్ కొండ ఎక్కింది. 2020 డిసెంబర్‌లో అక్కడ కొత్త లిఫ్ట్ వచ్చింది, కొండ అంచు వెంట పైకి తీసుకెళ్తుంది, పైన కాంక్రీటు దారులు వేశారు. ప్రాచీన రాళ్ల మీద కాంక్రీటు ఏంటని పురావస్తువాళ్లు చాలామంది మండిపడ్డారు. వాళ్ల బాధ వాళ్లది, మా అమ్మాయి పార్థెనాన్ గుడి ముందు కూర్చుని ఉంది, నాకు ఆ కాంక్రీటు మీద ఏ ఫిర్యాదూ లేదు. గాలి బాగా వీస్తే లిఫ్ట్ ఆపేస్తారు, అందుకని ఏథెన్స్‌లో మొదటి రోజే పెట్టుకోండి, కుదరకపోతే మర్నాడు మళ్లీ వెళ్లొచ్చు. మెట్రో బాగుంటుంది. ఫుట్‌పాత్‌లు మన హైదరాబాద్ గుర్తొస్తాయి, ర్యాంపు వేసి దానికి అడ్డంగా స్కూటర్ పెడతారు. గ్రీసులో చాలా బీచ్‌ల్లో సీట్రాక్ అని పట్టాల మీద నడిచే కుర్చీ ఉంటుంది, సోలార్‌తో పనిచేస్తుంది, రిమోట్ నొక్కుకుని ఎవరి సాయం లేకుండా సముద్రంలోకి వెళ్లి రావొచ్చు. బార్సిలోనాలో కూడా వేసవిలో బీచ్ దగ్గర నీళ్లలో తేలే కుర్చీలూ మనుషులూ పెడతారట, మేం వెళ్లలేదు.


లక్ష్మి_బెజవాడ | శుక్రవారం రాత్రి 9:50

అందరి పోస్టులూ మావారు, నేను కూర్చుని చదివాం. మార్చిన ప్లాన్ ఇది: వియన్నా, బెర్లిన్, పారిస్. రోమ్, ఆమ్‌స్టర్‌డామ్ తీసేశాం. బెర్లిన్ నుంచి పారిస్‌కి 2024 డిసెంబర్ నుంచి నేరుగా రైలు ఉందట, ఎనిమిది గంటలు, అది తీసుకుందామని. మధ్యలో ఆ ఎనిమిది గంటలు కుర్చీలోనే కూర్చోవాలా, రైలు సీట్లోకి మారొచ్చా?

వియన్నాలో ఒక హోటల్ వాళ్లు కొలతలు పంపారు. లిఫ్ట్ తలుపు 60 సెం.మీ. నా కుర్చీ రింగులతో కలిపి 62. మావారు రింగులు విప్పేద్దాం అంటున్నారు.


గౌతమి_మిలాన్ | శుక్రవారం రాత్రి 10:15

వెనిస్ కూడా తీసేశారా అక్కా! ఓరుగల్లు గారు గెలిచారన్నమాట. వియన్నా నుంచి వెనిస్‌కి కూడా నేరుగా రైల్‌జెట్ ఉంది, ఊరికే చెప్తున్నా.


ఓరుగల్లు_టు_బెర్లిన్ | శుక్రవారం రాత్రి 11:31

రింగులు విప్పితే మీరు తోసుకోలేరు, ప్రతిసారీ ఆయన మీద ఆధారపడాలి. ఇంకో హోటల్ చూడండి, వియన్నాలో మెయిన్ స్టేషన్ చుట్టూ కొత్తగా కట్టినవి చాలా ఉన్నాయి, అక్కడి నుంచి యూ1 ఎక్కితే స్టెఫాన్ చర్చి కొద్ది నిమిషాలే.

రైల్లో కుర్చీ చోటు పక్కనే మామూలు సీట్లు ఉంటాయి, మీకు మారడం వచ్చు కాబట్టి మారొచ్చు, కుషన్ మాత్రం మీ కింద మీదే వేసుకోండి. పారిస్ రైలు రోజుకి ఒకటే, కుర్చీ చోట్లు తొందరగా అయిపోతాయి. ముందు ఆ చోటు దొరికిన తేదీ ఖాయం చేసుకుని, దాన్ని బట్టి రెండువైపులా హోటళ్లు బుక్ చేయండి. ఫోన్‌లో జర్మన్ మాట్లాడాల్సి వస్తే నాకు ఇక్కడే మెసేజ్ పెట్టండి, శనివారం ఖాళీగానే ఉంటాను.